ఎనిమిది పెంకుల దెబ్బ

"ఎనిమిది కవేలు. ఒకదాని మీద ఒకటి," అంది ప్రణాలి. టిఫిన్ డబ్బా పక్కన అరచెయ్యి గాలిలో నిలిపి ఎంత ఎత్తో చూపించింది. "సర్ గట్టిగ ఊపిరి పీల్చిండు. ఒక్కటే గుద్దు. కిందిదాక అన్ని రెండు తునకలు."

తింటున్న నోళ్ళు ఆగిపోయాయి. మధ్యాహ్నం అన్నాల గంట అది. బడి వరండాలో ఏడో తరగతి ఆడపిల్లలు ఐదారుగురు ఆమె చుట్టూ కూర్చున్నారు. కవేలు అంటే ఇళ్ళ కప్పు మీద పరిచే మట్టి పెంకులు. కాలి మీద పడితే వేలు చితికిపోతుంది. అలాంటివి ఎనిమిదంటే మాటలా?

"ఖరంచ్?" అని ఒక పిల్ల మరాఠీలో అడిగింది, నిజంగానా అని.

"నా కండ్లతోని చూసిన," అంది ప్రణాలి. "ఇంకోటి చెప్పనా? గడ్‌చాందూర్ బజార్ల ఒక ఎద్దు సర్ మీదికి ఉరికొచ్చిందట. నొసటి మీద ఒక్కటి గుద్దిండు. అక్కడికక్కడ కూలబడ్డది."

ఆ బడి చంద్రపూర్ జిల్లాలో, రాజురా దగ్గర ఒక బొగ్గు గని కాలనీలో ఉంది. చదువు మరాఠీలో. ఇళ్ళలో మాత్రం కొందరిది మరాఠీ, కొందరిది హిందీ. ప్రణాలి తాత, ఆమె స్నేహితురాలు స్నేహలత తాత గని పనికోసం తెలంగాణ నుంచి కలిసి వచ్చారు. అందుకని వాళ్ళిద్దరిదీ తెలుగు; వింటూ వింటూ మిగతా పిల్లలకూ అది అర్థమయ్యేది.

రెండు నెలల కిందట కాలనీ హాల్లో విఠల్ సర్ కరాటే క్లాసులు మొదలుపెట్టాడు. మంచి మాస్టరే. సాయంత్రం ఐదు గంటలకు క్లాసంటే పది నిమిషాల ముందే వచ్చేవాడు. పిల్లల్ని పేరు పెట్టి పిలిచేవాడు. పిడికిలి ఎలా బిగించాలో ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని నేర్పేవాడు. కానీ ఆయన కథలు చెప్పేవాడు కూడా. తన గురువు గుద్దులో వెయ్యి కిలోల బలం ఉండేదనీ, ఆ బలం చేతిలోంచి కాదు, నమ్మకంలోంచి వస్తుందనీ చెప్పేవాడు. "నమ్మి కొడితే నొప్పి ఉండదు," అనేవాడు.

ప్రణాలికి ఆ కథలంటే ప్రాణం. వాటిని బడికి మోసుకొచ్చేది. దారిలో అవి కొంచెం పెరిగేవి.

నిజానికి ఎనిమిది పెంకులు పగలడం ఆమె చూడలేదు. మొదటి రోజు సర్ అందరి ముందూ పెంకులు పగలగొట్టినప్పుడు ఆమె జనం వెనకాల నిలబడింది. ముందున్నవాళ్ళ వీపులే కనిపించాయి. "హా" అన్న కేక వినిపించింది, ఫటఫటమన్న చప్పుడు వినిపించింది. తరవాత ఎవరో ముక్కల్ని చీపురుతో ఊడుస్తుంటే చూసింది. అంతే. ఎద్దు సంగతి కూడా ఎవరో అంటుండగా చెవిన పడిందే. కానీ "విన్న" అంటే పిల్లలు మళ్ళీ డబ్బాలోకి తలలు వంచేవారు. "చూసిన" అంటే కళ్ళు పెద్దవి చేసుకుని ఆమెనే చూసేవారు.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న స్నేహలత నోట్‌బుక్కు చివరి పేజీలో ఏదో గీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మరి నువ్వు కొట్టినవా?"

అందరూ ప్రణాలి వైపు తిరిగారు. లేదు అంటే ఒక్క మాట. ఆ ఒక్క మాటా నోటి దాకా వచ్చింది. కానీ ఆరుగురు చూస్తున్నారు.

"కొట్టిన," అంది ప్రణాలి. "ఎక్కువ గాదు. రెండే."

"నొప్పి లేవలేదా?"

"లేవదు. సర్ చెప్పినట్టు ఊపిరి తీసుకొని, పగుల్తదని గట్టిగ నమ్మాలె. అంతే. నమ్మకుంటేనే నొప్పి."

స్నేహలత పెన్సిల్ ఆపి తన కుడి చేతిని ఒకసారి చూసుకుంది. గంట మోగింది.

*

స్నేహలత మాటలు తక్కువ పిల్ల. ఆమె చేతిలో పెన్సిల్ ఉంటే మాత్రం చెట్టూ చేమా మాట్లాడేవి. గని గేటు దగ్గర షిఫ్ట్ కోసం నిలబడ్డ మనుషుల్ని ఒకసారి గీసింది. ముఖాలు గీయలేదు, వీపులే. అయినా ఎవరు ఎవరో అందరూ గుర్తుపట్టారు. ఈ ఏడు ఆమె మహారాష్ట్ర ప్రభుత్వం పెట్టే ఎలిమెంటరీ డ్రాయింగ్ పరీక్షకు కూర్చుంటోంది. జిల్లా మొత్తంలో పేరు తెస్తుందని డ్రాయింగ్ టీచర్ ఆశపడుతోంది. ఇంకా పన్నెండు రోజులుంది.

ఒకటో తరగతి నుంచీ వాళ్ళిద్దరూ బడి నుంచి కలిసే ఇంటికి నడిచేవారు. కరాటే వచ్చాక ప్రణాలి గంట కొట్టగానే హాలుకు పరుగెత్తేది. స్నేహలత ఒక్కతే నడిచేది. "నువ్వు కూడ రారాదు?" అని ప్రణాలి రెండుసార్లు అడిగింది. "నాకు రాదు, అందరు నవ్వుతరు," అంది స్నేహలత. ఆ తరవాత ప్రణాలి అడగడం మానేసింది.

మంగళవారం స్నేహలత బడికి రాలేదు. బుధవారమూ రాలేదు. ఆ సాయంత్రం క్లాసుకు వెళ్ళకుండా ప్రణాలి వాళ్ళింటికి వెళ్ళింది.

స్నేహలత మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చేతికి మోచెయ్యి దాకా తెల్లటి కట్టు. వేళ్ళ కొనలు ఉబ్బి, ఎర్రగా బయటికి కనిపిస్తున్నాయి.

"స్నానాల గదిల జారి పడ్డదట బిడ్డా," అంది వాళ్ళమ్మ నర్సక్క. "చంద్రపూర్ తీస్కపోయినం. చిటికెన వేలి కింద బొక్క ఇరిగింది. అయిదు వారాలు కట్టు ఇప్పద్దన్నడు డాక్టర్." ఆమె గొంతు తగ్గించింది. "పరీక్ష పాయె. రాత్రంత ఏడ్సుకుంటనే ఉన్నది."

నర్సక్క పొయ్యి దగ్గరికి వెళ్ళాక స్నేహలత మెల్లగా చెప్పింది.

"నేను పడలే."

ప్రణాలికి అప్పటికే అర్థమైంది.

"ఇంటెనుక పాత కవేలుంటే రెండు తెచ్చిన. రెండిటుకల మీద ఒకదాని మీద ఒకటి పెట్టిన. నువ్వు చెప్పినట్టే ఊపిరి తీసుకున్న." స్నేహలత తన కట్టు వైపే చూస్తోంది. "పగిలితే నీ పక్క వరసల నిలబడొచ్చనుకున్న. గట్టిగనే నమ్మిన ప్రణాలి. కొంచెం గూడ అనుమానం పెట్టుకోలే. మరి ఎందుకు పగల్లేదు?"

ప్రణాలి దుప్పటి అంచు సర్దింది.

"అమ్మకు చెప్పలే. చెప్తే నిన్ను అంటది," అంది స్నేహలత.

ప్రణాలి ఏదో పని ఉందని చెప్పి లేచి వచ్చేసింది. వీధి మలుపు దాకా నడిచింది. అక్కణ్ణుంచి పరుగెత్తింది.

*

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో ప్రణాలికే తెలియదు. స్నేహలత బడికి వస్తోంది. ఎడమ చేత్తో వంకరటింకరగా అక్షరాలు రాస్తోంది. ప్రణాలి ఆమె సంచీ మోసింది, డబ్బా మూత తీసిపెట్టింది, నోట్సు రాసిపెట్టింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఇంకెవరూ అడగలేదు కూడా. స్నానాల గదిలో జారి పడిందని కాలనీ అంతా నమ్మింది.

పరీక్ష రోజు వచ్చింది. పిల్లలు డ్రాయింగ్ బోర్డులు చంకన పెట్టుకుని, రంగుల డబ్బాలు, నీళ్ళ గిన్నెలు పట్టుకుని పెద్ద గదిలోకి వెళ్తున్నారు. స్నేహలత కొత్త కుంచెల్ని పక్క సెక్షన్ పిల్ల అడిగి తీసుకుంది. ఇచ్చేసి, స్నేహలత బయట బెంచీ మీద కూర్చుంది. డ్రాయింగ్ టీచర్ గది తలుపు మూస్తూ ఒక్క క్షణం ఆగి ఆమె వైపు చూసింది. తరవాత తలుపు మూసింది.

స్నేహలత ఏడవలేదు. మూసిన తలుపును చూస్తూ, ఎడమ చేతి చూపుడు వేలితో బెంచీ చెక్క మీద ఏదో గీస్తూ కూర్చుంది. వేలి కింద ఏ గీతా పడలేదు.

ఎదుటి తరగతి కిటికీలోంచి ప్రణాలి అది చూసింది. ఆ పూట పాఠం ఒక్క ముక్క వినలేదు.

*

ప్రణాలి నాన్న గోపాల్ భూమి లోపలి గనిలో పనిచేస్తాడు. పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని వచ్చి, సాయంత్రం గడప ముందు పీట వేసుకుని చాయ్ తాగుతున్నాడు. ప్రణాలి వచ్చి పక్కన నేల మీద కూర్చుంది.

"బాపూ, స్నేహ చెయ్యి నా వల్ల ఇరిగింది."

మొదటి మాట దాటాక మిగిలినవి వాటంతటవే వచ్చాయి. పెంకులు, ఎద్దు, చూసిన అన్న మాట, కొట్టిన అన్న మాట. గోపాల్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె ముగించాక పీటను ఆమె వైపు తిప్పుకున్నాడు.

"ఆశన్న కాక ఎందుకు కుంటుతడో తెల్సా నీకు?" అని అడిగాడు.

ఆశన్న కాకను కాలనీలో అందరూ ఎరుగుదురు. గని బయట లాంప్ రూంలో కూర్చుని, లోపలికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇస్తుంటాడు. ప్రణాలికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన కుంటుతూనే ఉన్నాడు.

"గనిల కాలు మీద బండ పడ్డదని అంటరు," అంది.

"ఎందుకు పడ్డదో అంటరా?"

ప్రణాలి తల అడ్డంగా ఊపింది.

"గనిల మన నెత్తి మీద ఉండేదంత రాయే," అన్నాడు గోపాల్. "పనికి ముందుగాల పొడుగు కర్రతోని దాన్ని కొట్టి చూడాలె. గట్టిగుంటే ఖంగుమంటది. లోపల వదులైతే డొల్ల సప్పుడొస్తది. డొల్ల సప్పుడొస్తే దాని కింద ఎవ్వలు నిలబడద్దు. పదకొండేండ్ల కింద, నువ్వప్పుడు అడుగులేస్తున్నవ్, ఆ రోజు కొట్టి చూసే పని నాది. ముందటి షిఫ్టాయన పోతా పోతా, 'అంత మంచిగనే ఉన్నది' అన్నడు. నేను ఆ మాట మీదనే ఉన్న. ఆశన్న వచ్చి, 'గోపాల్, కొట్టి చూసినవా' అని అడిగిండు."

చాయ్ మీద మీగడ కట్టింది.

"చూసిన, అన్న."

ప్రణాలి నాన్న ముఖంలోకి చూసింది. అంత పెద్ద మనిషి కళ్ళు దించుకున్నాడు.

"ఆయన నన్ను నమ్మి పోయి నిలబడ్డడు. దవాఖానల ఒక్కసారి అడిగిండు, 'నిజంగ కొట్టినవా గోపాల్' అని. కొట్టలే అని చెప్పిన. బండ నా మీద పడ్డా గంత కష్టం అనిపించకపోవు."

"అప్పుడు ఏమన్నడు?"

"మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. ఆరు నెల్లు మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడ్తడు." గోపాల్ చల్లారిన చాయ్‌ని పక్కన పెట్టాడు. "ఇప్పటికి గూడ, దీపం ఇచ్చేటప్పుడు నా మొఖం ఒక్క గడియ చూసి ఇస్తడు."

"నేనిప్పుడు ఏం చెయ్యాలె బాపూ?"

"అది నేను చెప్తే నా మాటైతది బిడ్డా," అన్నాడు గోపాల్. "నీది గాదు."

*

మర్నాడు ప్రణాలి నర్సక్క ముందు నిలబడి అంతా చెప్పింది. నర్సక్క చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. తిడుతుందని ప్రణాలి ఎదురు చూసింది. నర్సక్క తిట్టలేదు. కూతురి వైపు తిరిగి, "నాకెందుకు చెప్పలేదే?" అని మాత్రం అడిగింది. తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

స్నేహలత అడిగింది ఒక్కటే.

"నువ్వు కొట్టినవా, లేదా? అది చెప్పు."

"కొట్టలే."

"సర్ కొట్టంగ చూసినవా?"

"చూడలే. సప్పుడు విన్న."

స్నేహలత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ప్రణాలి కాసేపు నిలబడి ఇంటికి వచ్చింది. గుండె తేలిక అవుతుందనుకుంది. అవలేదు.

*

ఆదివారం పొద్దున కాలనీ హాల్లో కరాటే ప్రదర్శన ఉంది. కొత్త బ్యాచ్‌లో చేరే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు. హాలు సర్దడానికి పాత పిల్లల్ని సర్ ముందే రమ్మన్నాడు. పెంకులు మోసే పని ప్రణాలికీ, పదో తరగతి చదివే తెలుగువాళ్ళ పిల్లాడు ప్రమోద్‌కీ పడింది.

పెంకులు మోస్తూ ప్రణాలి అడిగింది. "ప్రమోదన్నా, సర్ ఎద్దును పడగొట్టంగ నువ్వు చూసినవా?"

"నేనెక్కడ చూసిన? మన క్లాసోళ్ళే చెప్పుకుంటరు."

"ఎవలు?"

ప్రమోద్ ఆలోచించాడు. "నువ్వే చెప్పినవ్ కదా మొన్న. నువ్వు చూసినవేమో అనుకున్న."

ప్రణాలి చేతిలోని పెంకు జారబోయి ఆగింది.

వేదిక మీద ప్రమోద్ రెండు దిమ్మల మీద ఒక పెంకు అడ్డంగా పెట్టాడు. దాని రెండు అంచుల మీద రెండు చిన్న చెక్క ముక్కలు పెట్టాడు, పెన్సిలంత లావువి. వాటి మీద రెండో పెంకు. మళ్ళీ చెక్కలు. మళ్ళీ పెంకు.

"ఈ కట్టెలు ఎందుకన్నా?"

"మొదటి రోజు గూడ సర్ గిట్లనే పెట్టిచ్చిండు. సందు ఉంటే మీదిది పగిలి కింద దాని మీద పడ్తది. అది పగిలి దాని కింద దాని మీద. ఒకటి పగిల్తే చాలు, కొన్ని వాటికవే పోతయ్."

"సందు లేకుంటే?"

"అప్పుడు అన్ని కలిసి ఒకటే మందం బండ లెక్కనే గదా," అన్నాడు ప్రమోద్ మామూలుగా. "ఎవలు కొడ్తరు దాన్ని?"

స్నేహలత కొట్టింది. రెండిటుకల మీద, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి పెట్టి. సందు సంగతి చెప్పడానికి ప్రణాలి దాన్ని చూసి ఉంటే కదా.

*

పదింటికి హాలు నిండింది. చాపల మీద చిన్న పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దవాళ్ళు. చివరి వరసలో నర్సక్క, ఆమె పక్కన తెల్లటి కట్టుతో స్నేహలత. వాళ్ళు వస్తారని ప్రణాలి అనుకోలేదు. "సర్ మొఖం ఒకసారి చూడాలె," అని నర్సక్క పక్కనున్నామెతో అంటోంది.

విఠల్ సర్ నమస్కారం చేశాడు. గుద్దే ముందు పాత పిల్లల్లో ఒకరితో మాట్లాడించాలనుకున్నాడు.

"ప్రణాలి, ఇటు రా," అన్నాడు మరాఠీలో. "నువ్వు ఏం చూశావో వీళ్ళకు చెప్పు."

ప్రణాలి వేదిక ఎక్కింది. పెంకుల దొంతర ఆమె నడుము దాకా ఉంది. ఆమె మరాఠీలోనే మెల్లగా మాట్లాడింది. హాలు నిశ్శబ్దంగా ఉంది కనుక వెనక దాకా వినిపించింది.

"ఎనిమిది పెంకులు పగలడం చూశానని నేను బళ్ళో చెప్పాను. చూడలేదు. వెనకాల నిలబడి చప్పుడు విన్నాను. ఎద్దు సంగతి కూడా చూడలేదు. ఎవరిని అడిగినా ఇంకొకరు చెప్పారనే అంటున్నారు. నేను రెండు పెంకులు పగలగొట్టానని చెప్పాను. అదీ అబద్ధం. నేను ఎప్పుడూ కొట్టలేదు."

చివరి వరస వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"నా మాట నమ్మి నా స్నేహితురాలు కొట్టింది. చెయ్యి విరిగింది. డ్రాయింగ్ పరీక్ష పోయింది. ఇవాళ నేను ముందు నిలబడి చూశాను. పెంకుల మధ్య చెక్క ముక్కలున్నాయి. అవి ఉంటే సులువని ప్రమోదన్న చెప్పాడు. అవి లేకుండా ఎన్ని పగులుతాయో నేను చూడలేదు. నమ్మితే నొప్పి ఉండదన్న మాట కూడా నిజమో కాదో నాకు తెలియదు. నా స్నేహితురాలు నమ్మింది. నొప్పి పుట్టింది."

చెప్పాల్సింది అయిపోయింది. దిగిపోవాలో నిలబడాలో తెలియక ప్రణాలి అక్కడే ఉండిపోయింది.

విఠల్ సర్ ముఖం ఎర్రబడింది. చివరి వరసలో తెల్లటి కట్టును ఆయన అప్పుడే చూశాడు.

"ఈ చెక్కలు నా గురువు పెట్టేవారు," అన్నాడు. "అందుకని నేనూ పెడుతున్నాను. వెయ్యి కిలోలని ఆయనే చెప్పారు. ఏ కాటా మీద చూశారని నేను ఎప్పుడూ అడగలేదు. ఎద్దు కథ నాది కాదు. కానీ ఎవరైనా అంటుంటే విని, కాదని చెప్పలేదు. వినడానికి బాగుండేది."

ఆయన వంగి పెంకులన్నీ దించాడు. చెక్క ముక్కల్ని తీసి పక్కన పడేశాడు. నాలుగు పెంకుల్ని సందు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పిల్లల్ని వెనక్కి జరగమన్నాడు. పిడికిలి బిగించి ఊపిరి పీల్చుకున్నాడు.

చప్పుడు మునుపటిలా ఫటఫటమని రాలేదు. ఒక్కటే దెబ్బ, మొద్దుగా.

మొదటి పెంకు పగిలింది. రెండోది పగిలింది. మూడోదాని మీద ఒక గీత పడిందేమో తెలియదు. నాలుగోది చెక్కుచెదరలేదు.

సర్ పిడికిలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. వేళ్ళ గణుపుల మీద తోలు లేచి రక్తం కనిపిస్తోంది. చాప మీద ముందు వరసలో ఒక చిన్న పిల్లవాడు అడిగాడు.

"సర్, నొప్పి పుట్టిందా?"

"పుట్టింది," అన్నాడు సర్. "రెండు. ఇరవై ఏళ్ళు రోజూ కష్టపడితే వచ్చిన దెబ్బ ఇది. ఇంతే. మీరెవరూ ఇంట్లో దేన్నీ కొట్టొద్దు. ఇక్కడ నేర్చుకునేది మీద పడే దెబ్బ తప్పించుకోవడం."

చప్పట్లు పడలేదు. కొందరు పెద్దవాళ్ళు లేచి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. కొందరు కూర్చునే ఉన్నారు. సర్ వేదిక దిగి చివరి వరసకు వెళ్ళాడు. నర్సక్క ముందు చేతులు జోడించి ఏదో మాట్లాడాడు. నర్సక్క కూడా ఏదో గట్టిగానే అంది. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. తిరిగి వస్తూ ప్రణాలి దగ్గర ఆగాడు. ఇక క్లాసుకు రావద్దంటాడేమో అనుకుని ఆమె కళ్ళు దించుకుంది.

"రేపు అయిదింటికి," అన్నాడు సర్. "ఆలస్యం చెయ్యకు."

*

హాలు బయట ఎండ చురచురమంటోంది. నర్సక్క ముందు నడుస్తోంది. ప్రణాలి నాలుగడుగులు వెనక ఉండి మెల్లగా నడిచింది. మొన్నటి నుంచీ స్నేహలత ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడుతుందని ఆమె ఆశ పెట్టుకోలేదు కూడా.

లాంప్ రూం ముందు మలుపు దగ్గర స్నేహలత ఆగింది. ప్రణాలి వచ్చేదాకా నిలబడింది. ఇద్దరూ కలిసి నడిచారు.

"డాక్టర్ మొన్న ఒక మాటన్నడు," అంది స్నేహలత. "కట్టు ఇప్పినంక కొన్నాళ్ళు చెయ్యి బిర్రుగుంటదట, వేళ్ళు వంగయట. మెల్లమెల్లగ పెన్సిల్ పట్టొచ్చట." కట్టులోంచి బయటికున్న వేళ్ళను కదిలించి చూసుకుంది. "మల్ల మునుపటి లెక్కనే గీస్తనా ప్రణాలి?"

గీస్తవ్, తప్పకుండ గీస్తవ్. ఆ మాట నాలుక చివరే ఉంది. ఎంత తీపి మాట. స్నేహలత ముఖం వెంటనే వెలుగుతుంది.

ప్రణాలి ఆ వేళ్ళ వైపు చూసింది.

"నాకు తెల్వదు స్నేహా," అంది. "కట్టు ఇప్పే రోజు నేను గూడ వస్త. కాయితం పట్టుకొని కూసుంట. నువ్వు గియ్యి. ఇద్దరం చూద్దం."

స్నేహలత ఒక అడుగు ఆమె వైపు జరిగి నడిచింది.

"సరే, రా," అంది.